మంచు కింద స్టీల్‌హెడ్: మ్యానిస్టీలో ఎక్కడ కూర్చోవాలి, ఎక్కడ దిగాలి

మిషిగన్‌లో చలికాలం స్టీల్‌హెడ్ చేపల వేటకి వెళ్లేవాళ్లు ముందుగా ఏ నీళ్ల మీద కూర్చోవాలో తేల్చుకోండి. గది, గైడ్, సామాను అన్నీ దాన్ని బట్టే. జనవరి చివర్లో నేనూ మా బావమరిదీ డెట్రాయిట్ పక్కనున్న నోవై నుంచి లేక్ మిషిగన్ ఒడ్డునున్న మ్యానిస్టీ ఊరికి వెళ్లాం. కారులో దాదాపు నాలుగు గంటలు.

స్టీల్‌హెడ్ అంటే పెద్ద నీళ్లలోకి వెళ్లి పెరిగి, గుడ్లు పెట్టడానికి నదికి తిరిగొచ్చే రెయిన్‌బో ట్రౌట్. సొంత ఊరు పసిఫిక్ తీరం. 1876లో ఇక్కడి ‘ఓ సేబుల్’ (Au Sable) నదిలో వదిలారు. వీటికి లేక్ మిషిగనే సముద్రం. కొన్ని శరదృతువులోనే సాల్మన్ వెనకాలే నది ఎక్కి, వసంతం దాకా లోతైన మడుగుల్లో ఉండిపోతాయి. జనవరిలో మంచు కింద చేప దొరికేది అందుకే.

మ్యానిస్టీ నది మీద టిప్పీ డ్యామ్ దిగువన నీళ్లు మామూలుగా గడ్డకట్టవు. అక్కడ పడవలోనో ఒడ్డునో వేట బాగానే సాగుతుంది. కాకపోతే గాలపు రాడ్ రింగుల్లో మంచు పేరుకుపోతుంటే మాటిమాటికీ గీకి తీయాలి. ఇంకా కిందికి వెళితే ఒంపుల్లో నది గడ్డకట్టి, ఒడ్డు నుంచి చూస్తే రోడ్డంత గట్టిగా కనిపిస్తుంది. దాని మీదికి మాత్రం ఎవరూ వెళ్లొద్దని నా గట్టి మాట. ప్రవాహం అడుగు నుంచి మంచుని తినేస్తుంటుంది. ఒక చోట మందంగా ఉన్నది రెండడుగుల అవతల పలచబడుతుంది. నీటిమట్టం తగ్గితే మంచుకీ నీళ్లకీ మధ్య ఖాళీ ఏర్పడుతుంది. పడితే ప్రవాహం మనిషిని పలక కిందికి లాక్కుపోతుంది. మా గైడ్ ముప్ఫై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాడట, ఆయనే అక్కడ అడుగు పెట్టడు.

మంచు మీద కూర్చుని పట్టాలంటే మ్యానిస్టీ లేక్‌కి వెళ్లండి. ఉత్తరం వైపు నుంచి మ్యానిస్టీ నది, దక్షిణం వైపు నుంచి లిటిల్ మ్యానిస్టీ వచ్చి కలిసేది ఇందులోనే. నదికి పోయే ప్రతి స్టీల్‌హెడ్ దీన్ని దాటాల్సిందే. ఇక్కడ కూడా నదులు కలిసే చోట, లేక్ మిషిగన్‌కి పోయే కాలువ దగ్గర మంచు పలచగా ఉంటుంది. గైడ్ మా ముందు నడుస్తూ కొన్ని అడుగులకోసారి గడ్డపలుగు లాంటి ఇనుప కడ్డీతో కొట్టి చూశాడు. మనిషి నడవాలంటే తేటగా ఉన్న గట్టి మంచు కనీసం నాలుగు అంగుళాలు ఉండాలి. తెల్లటి మంచుకి అందులో సగమే బలం. నీళ్లలో పడితే అంచు పట్టుకుని పైకి పాకడానికి మేకుల్లాంటి రెండు పిడులు మా మెడల్లో వేశాడు, తేలే సూట్లు ఇచ్చాడు. గైడ్‌కి ఇచ్చిన డబ్బుకి విలువ ఇక్కడే దక్కింది. మొదటిసారి వెళ్లేవాళ్లు దేంట్లో తగ్గించుకున్నా ఇందులో తగ్గించుకోవద్దు.

ఎర చేపగుడ్లు. సన్నని వలగుడ్డలో బఠాణీ గింజంత మూటలు కట్టి కొక్కేనికి గుచ్చుతారు. అంత చల్లటి నీళ్లలో చేప మందకొడిగా ఉంటుంది, లాగినట్టే తెలియదు, రాడ్ కొస కొంచెం బరువెక్కుతుంది అంతే. తగులుకున్నాక మాత్రం ఒక్క పరుగు! రీలు గిర్రున తిరిగిపోయింది. దారం మంచులో తొలిచిన కన్నం అంచుకి రాసుకుంటే తెగిపోతుందని, రాడ్ కొసని నీళ్లలోకి ముంచి పట్టుకోమన్నాడు గైడ్. అలాగే పట్టుకున్నా. చేప మూడుసార్లు కన్నం దాకా వచ్చి మళ్లీ కిందికి పోయింది. చివరికి ఆయన మోకాళ్ల మీద కూర్చుని చేత్తో పైకి తీశాడు. వెండి ఒళ్లు, బుగ్గ మీద లేత గులాబీ చార. అంత అందమైన చేపని నేను చూడలేదు.

బస విషయానికొస్తే, మొదటి రాత్రి వెల్‌స్టన్ వైపు అడవిలో ఒక క్యాబిన్ తీసుకున్నాం. చోటు బాగుంది గానీ దారిలో మంచు తీయలేదు, హీటర్ సరిగ్గా పనిచేయలేదు, ఫోన్ చేస్తే ఎత్తినవాళ్లు లేరు. మర్నాడు ఊళ్లో యూఎస్-31 హైవే పక్కనున్న మామూలు మోటెల్‌కి మారాం. గది చిన్నదే, కానీ వెచ్చగా ఉంది, బూట్లు ఆరబెట్టుకునే చోటుంది, ఎరల దుకాణం దగ్గర. ఆ దుకాణంలో పొద్దున్నే మంచు ఎక్కడెంత ఉందో అడిగిన వాళ్లందరికీ చెబుతున్నారు. చలికాలం రాత్రిళ్లు హోటళ్లు త్వరగా మూసేస్తారు, రైస్ కుక్కర్, ఆవకాయ వెంట ఉంటే నిశ్చింత.

లైసెన్స్ పదిహేడేళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ కావాలి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు సరదాగా రాడ్ పట్టుకున్నా సరే, రోజువారీది తీసుకోండి. చేప తినేవాళ్లు మిషిగన్ ఆరోగ్య శాఖ ఇచ్చే ‘ఈట్ సేఫ్ ఫిష్’ గైడ్ చూడండి. ఈ సరస్సు చేపల కొవ్వులో పీసీబీలనే విష రసాయనాలు చేరతాయి కాబట్టి చర్మం, కొవ్వు తీసేసి, వాళ్లు చెప్పిన మోతాదులోనే తినాలి. పులుసుకి ఈ చేప ఆగదు, ముక్క విడిపోతుంది. ఉప్పు, కారం, నిమ్మరసం పట్టించి పెనం మీద వేయించుకుంటే బ్రహ్మాండంగా ఉంటుంది.

తిరుగు ప్రయాణానికి ఒక రోజు అదనంగా ఉంచుకోండి. సరస్సు మీంచి వచ్చే మంచు తుఫానుకి రోడ్డు క్షణాల్లో కనిపించకుండా పోతుంది. అందుకే రద్దు చేసుకునే వీలున్న గదే బుక్ చేయండి.