పాల పుట్టగొడుగు: పాలు చూసి గుర్తించాలా, చెట్టు చూసి గుర్తించాలా?

జిల్లేడు ఆకు తుంచితే పాలు కారినట్టే, లాక్టేరియస్ ప్రజాతి పుట్టగొడుగును గీరితే పాలు ఊరుతాయి. ఐరోపా అడవుల్లో వీటిని ఏరేవారికి ముఖ్యమైన గుర్తులు రెండు: ఆ పాలు, పక్కనున్న చెట్టు. వీటిలో ఏది నమ్మదగింది?

చెట్టును తీసిపారేయలేం. ఈ పుట్టగొడుగులు చెట్ల వేళ్లతో పొత్తు పెట్టుకుని బతుకుతాయి, అదీ ఎంచుకున్న చెట్లతోనే. నారింజ రంగు డెలిసియోసస్ జాతి పైన్ కింద, దాని కవలలా ఉండే డిటెరిమస్ స్ప్రూస్ కింద, అంచున ఉన్నిలాంటి నూగుండే టార్మినోసస్ బర్చ్ కింద మొలుస్తాయి. కానీ మూడు చెట్లూ కలిసి పెరిగే అడవిలో ఏ వేరు ఎంత దూరం పాకిందో పైనుంచి ఎలా తెలుస్తుంది? పైన్ మొదలు దగ్గర కనబడింది కదా అని డెలిసియోసస్ అనుకుంటే మోసపోతాం.

అందుకే నేను పాలవైపే మొగ్గుతాను. గొడుగు కింది రేకులను చాకుమొనతో అడ్డంగా కోయండి. క్యారెట్ రంగు చుక్కలు వస్తే అది టార్మినోసస్ కాదని అక్కడే తేలిపోతుంది. దాని పాలు తెల్లన, నాలుక మండేంత కారం. పచ్చిగా తింటే కడుపు పాడవుతుంది. ఫిన్లాండ్‌లో మాత్రం ఉడికించి, ఆ నీరు పారబోసి తింటారు. కవలలను విడదీయడానికి ఓపిక పట్టాలి. డిటెరిమస్ పాలు అరగంటలోపు ముదురు ద్రాక్షరసం రంగుకు తిరుగుతాయి; డెలిసియోసస్ పాలు చాలావరకు నారింజగానే ఉంటాయి, కాడ మీద చిన్న గుంటలూ కనిపిస్తాయి. నలిగినచోట ఆకుపచ్చ మచ్చ రెండింటికీ వస్తుంది, కాబట్టి దాన్ని బట్టి తేల్చేయకండి. నాకు బాగా నచ్చిన పరీక్ష టాబిడస్ అనే మరో జాతిది: దాని తెల్లని పాలచుక్క తెల్ల చేతిరుమాలు మీద పడితే కాసేపటికి పసుపెక్కుతుంది.

ఎండకు వాడినవాటిలో, ముదిరినవాటిలో పాలు రావు. అప్పుడు చెట్టే దిక్కు. తినే ఉద్దేశం ఉంటే మాత్రం ఈ గుర్తులన్నీ కలిసినా చాలవు, అనుభవజ్ఞులు చేత్తో పట్టుకుని చూడాల్సిందే.

వర్గీకరణ దగ్గరికి వస్తే పాలు కూడా ఓడిపోతాయి. 1797లో శిలీంధ్ర శాస్త్రవేత్త పెర్సూన్ లాక్టేరియస్ పేరు పెట్టాక, పాలున్నవాటిని చాలాకాలం ఒకే ప్రజాతిగా లెక్కించారు. అవన్నీ పరిణామ వృక్షంలో ఒకే కొమ్మవి కావని 2008లో డీఎన్‌ఏ పరిశోధన చూపింది. తర్వాత లాక్టిఫ్లూస్ అనే ప్రజాతి వేరుపడింది. తెల్లని పాలు విస్తారంగా కారి, గోధుమ రంగుకు తిరిగి, చేపల వాసన కొట్టే వొలెమస్ ఇప్పుడు అందులోదే. ఈ రెండు ప్రజాతులను కచ్చితంగా విడదీసే గుర్తు కంటికి ఒక్కటీ దొరకదు.