షిమానో ఆర్‌టీ66 రోటర్: కొనే ముందు హబ్ వైపు ఓసారి చూడండి

షిమానో ఎస్ఎమ్-ఆర్‌టీ66 చూడ్డానికి సాదాసీదా వస్తువు. ఒకే స్టీలు రేకులోంచి కోసిన రోటర్, అంటే డిస్క్ బ్రేకులో ప్యాడ్‌లు నొక్కిపట్టే పళ్లెం. మధ్యలో అల్యూమినియం స్పైడర్ (చట్రం) ఉండదు, వేడి తగ్గించే రెక్కలూ ఉండవు. సైజులు 160, 180, 203 మి.మీ., మందం 1.8 మి.మీ., హబ్‌కి (చక్రం మధ్యభాగానికి) ఆరు బోల్టులతో బిగుస్తుంది. మౌంటెన్ బైక్‌ని మామూలు ట్రైల్స్ మీద తిప్పేవాళ్లు కళ్లు మూసుకుని కొనుక్కోవచ్చు. కాకపోతే హబ్‌నీ, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్‌నీ మాత్రం కళ్లు తెరిచే చూడాలి. బ్రేకు సరిగ్గా పడటం లేదంటూ రోటర్‌ని తిట్టే చాలా సందర్భాల్లో తప్పు రోటర్‌ది కాదు, జత కుదరకపోవడమే.

ముందు దీని గొప్ప చెప్పాలి. రెజిన్ ప్యాడ్‌లు, మెటల్ ప్యాడ్‌లు రెండూ దీనిమీద నడుస్తాయి. దీని పక్కన పెడితే అన్నదమ్ముల్లా కనిపించే ఆర్‌టీ56 రెజిన్ ప్యాడ్‌లకి మాత్రమే. రోటర్ మీదే ‘రెజిన్ ప్యాడ్ ఓన్లీ’ అని ముద్ర ఉంటుంది, ఎవరూ చదవరు. ఆ మెత్తటి స్టీలు మీద మెటల్ ప్యాడ్ వేస్తే ఆకురాయితో రాకినట్టే, రోటర్ తొందరగా పలచబడిపోతుంది. కొత్త బైకుతో వచ్చిన రోటర్ ఏ రకమో చూడకుండా బురద కోసమని మెటల్ ప్యాడ్‌లు కొనడం ఇందుకే ప్రమాదం. రెండు రోటర్ల ధరలో తేడా ఉన్నా, ఆర్‌టీ66 తీసుకుంటే ప్యాడ్ ఎంపిక మీ చేతిలోనే ఉంటుంది.

ఇక హబ్. ఆరు బోల్టుల పద్ధతిలో బోల్టుల వలయం వ్యాసం 44 మి.మీ. ఏ కంపెనీ హబ్ అయినా, ఏ కంపెనీ రోటర్ అయినా ఇదే కొలత, ఇక్కడ గొడవ లేదు. మీ హబ్ మీద బోల్టు రంధ్రాలకి బదులు గాడులు కనిపిస్తే అది సెంటర్‌లాక్. సెంటర్‌లాక్ హబ్ మీద ఆర్‌టీ66ని అడాప్టర్‌తో ఎక్కించొచ్చు, బాగానే పనిచేస్తుంది. ఇది ఒకవైపు దారి: ఆరు బోల్టుల హబ్‌కి సెంటర్‌లాక్ రోటర్ పట్టదు. రెండు జతల చక్రాలు మార్చి మార్చి వాడేవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకుని కొనాలి. అడాప్టర్‌కి వచ్చే లాక్‌రింగ్ (బిగించే రింగు) కూడా గమనించండి. 15, 20 మి.మీ. యాక్సిల్ (ఇరుసు) హబ్‌లకి సాధారణంగా బయట పళ్లున్న లాక్‌రింగ్ కావాలి, బాటమ్ బ్రాకెట్ టూల్‌తో తిప్పేది. సన్న యాక్సిల్‌కైతే క్యాసెట్ టూల్ పట్టేది సరిపోతుంది. ఏదైనా బిగింపు 40 న్యూటన్ మీటర్లు. చేతి అంచనాతో అంత బిగువు రాదు, టార్క్ రెంచ్ కావాలి.

చక్రం కొనేటప్పుడు ముంచేది యాక్సిల్ వెడల్పు. ముందు చక్రానికి పాతది 100 మి.మీ., బూస్ట్ అనే కొత్త వెడల్పాటి కొలత అయితే 110. పాత హబ్‌కి రెండు పక్కలా 5 మి.మీ. క్యాప్‌లు వేస్తే చక్రం బూస్ట్ ఫోర్క్‌లో చక్కగా కూర్చుంటుంది. రోటర్ మాత్రం కాలిపర్‌కి (ప్యాడ్‌లు ఉండే బ్రేకు భాగానికి) 5 మి.మీ. లోపలే ఉండిపోతుంది. కాలిపర్ పక్కకి జరిగే వీలు ఒకటి రెండు మిల్లీమీటర్లే. అంచేత రోటర్ కింద 5 మి.మీ. స్పేసర్, దానికి తగ్గ పొడుగు బోల్టులు తప్పనిసరి. వెనక 142ని 148గా మార్చే కిట్‌లు కొన్ని ఆ 6 మి.మీ.నీ ఎడమ పక్కకే చేరుస్తాయి. అప్పుడు రోటర్ కిందా 6 మి.మీ. స్పేసర్ పెట్టాలి, స్పోకులు సర్ది రిమ్‌ని మళ్లీ మధ్యకి తేవాలి.

వెనక చక్రంలో ఇంకో తమాషా ఉంది. 135 హబ్, 142 హబ్ మధ్య తేడా చివరి క్యాప్‌లదే, రోటర్ చోటు మారదు. కొన్ని తక్కువ ధర బైకుల్లో క్విక్ రిలీజ్‌తో 141 మి.మీ. కొలత ఉంటుంది. స్కేలు పెట్టి చూసి 142 కాబోలు అనుకుంటారు. అది బూస్ట్ 148కి చుట్టం, 142కి కాదు. ఫ్రేమ్ కొలిచేటప్పుడు యాక్సిల్ రకం కూడా రాసుకోండి.

 

సైజుకి వద్దాం. 160 నుంచి 180కి వెళితే అదే లివర్ నొక్కుకి దాదాపు ఎనిమిదో వంతు ఎక్కువ బలం వస్తుంది, వేడి పంచుకునే లోహమూ పెరుగుతుంది. బరువైనవాళ్లు, నిటారు దిగుళ్లు దిగేవాళ్లు ముందు 203 వేసుకోవచ్చు. అయితే ఫోర్క్ తయారీదారు చెప్పిన గరిష్ఠ సైజు దాటకూడదు. పోస్ట్ మౌంట్ ఫోర్క్ (కాలిపర్ బోల్టులు నేరుగా ఫోర్క్‌లోకే దిగే రకం) 180కే పుట్టిందైతే 160 పట్టదు, కాలిపర్‌ని చిన్న సైజుకి దించే అడాప్టర్ ఉండదు.

ఎక్కువమంది పొరబడేది 200, 203 దగ్గర. శ్రామ్ పెద్ద రోటర్ 200, షిమానోది 203. మూడు మిల్లీమీటర్లేగా అనిపిస్తుంది. 200 సైజు కాలిపర్ అడాప్టర్ మీద 203 రోటర్ పెడితే అంచు కాలిపర్ లోపల తగలొచ్చు. 203 అడాప్టర్ మీద 200 రోటర్ పెడితే ప్యాడ్ పైభాగం ఒకటిన్నర మిల్లీమీటరు గాలిలో ఉంటుంది. ఆ భాగం అరగక చిన్న గట్టులా మిగులుతుంది. ప్యాడ్‌లు పలచబడ్డాక రెండు గట్లూ ఒకదానికొకటి తగిలి, లివర్ గట్టిగానే ఉన్నా బ్రేకు పట్టదు. ప్యాడ్ తీసి వెలుతురులో పక్కకి తిప్పి చూస్తే ఆ మెట్టు వేలిగోటికి తగులుతుంది. మొదటి జతలో, 203 రోటర్ కోసం, కాలిపర్ కింద 1.5 మి.మీ. వాషర్లు, వాటికి తగ్గ పొడుగు బోల్టులు వేస్తే సరి. రెండోదానికి సరైన అడాప్టర్ కొనడమే దారి.

బిగించే పద్ధతి ఇది. హబ్ ముఖం మీద మట్టి, పాత లాక్‌టైట్ (బోల్టు జిగురు) పొరలు తుడవండి. తిరిగే దిశ చూపే బాణం చూసుకుని రోటర్ పెట్టండి. టీ25 టార్క్స్ బోల్టులు ఆరూ చేత్తో దించండి. గ్లవ్స్ వేసుకుని రోటర్‌ని గడియారం ముళ్లు తిరిగే వైపు గట్టిగా తిప్పి పట్టుకుని, ఎదురెదురు బోల్టుల వరుసలో 2 నుంచి 4 న్యూటన్ మీటర్లకి బిగించండి. అలా తిప్పి పట్టడం వల్ల రంధ్రాల్లోని సందు ముందే మూసుకుపోతుంది, లేకపోతే మొదటి గట్టి బ్రేకుకి రోటర్ కదిలి టక్కుమంటుంది. బోల్టుల జతకొకటిగా లాక్ ప్లేట్లు ఉంటే స్క్రూడ్రైవర్‌తో వాటి అంచులు బోల్టు తల మీదికి వంచడం మర్చిపోకండి. కాలిపర్ బోల్టులు 6 నుంచి 8 న్యూటన్ మీటర్లు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాక, ఇరవై సార్లు మోస్తరు వేగంనుంచి, పది సార్లు ఇంకాస్త వేగంనుంచి, చక్రం పూర్తిగా ఆగకుండా నెమ్మదింపజేయండి. ఇది ఎగ్గొట్టి చైన్ స్ప్రే పక్కనే కొట్టేవాళ్ల బ్రేకులే కీచుమంటూ ఉంటాయి.

అరుగుదల హద్దు 1.5 మి.మీ., ఆ అంకె రోటర్ మీదే ఉంటుంది. మామూలు వెర్నియర్ దవడలు వెడల్పుగా ఉండి అరగని అంచుని కూడా పట్టుకుంటాయి, 1.7 అని అబద్ధం చెబుతాయి. మైక్రోమీటర్‌తో ప్యాడ్ తగిలే పట్టీ మధ్యలో, మూడు చోట్ల కొలవండి.

లోపాలు లేకపోలేదు. పొడుగాటి దిగుడులో, స్టీలు మధ్య అల్యూమినియం పొర ఉండే షిమానో ఐస్‌టెక్ రకాల కంటే ఇది త్వరగా వేడెక్కుతుంది, ఆ పొర దీనికి లేదు గనక. స్టీలు నీలం రంగుకి తిరిగినా, లివర్ హ్యాండిల్‌బార్ దాకా వచ్చేస్తున్నా ఒక సైజు పెంచండి. అప్పటికే గరిష్ఠ సైజులో ఉంటే ఐస్‌టెక్ రకమైన ఆర్‌టీ86కి వెళ్లండి. 2 మి.మీ. రోటర్ కోసం తయారైన కాలిపర్‌కి మాత్రం ఇది వద్దు. పిస్టన్లు మరీ బయటికి రావాల్సొస్తుంది, ప్యాడ్‌లు అరిగేకొద్దీ ఆ తేడా లివర్‌లో తెలుస్తుంది.