దేవరంపాడు విజయస్తూపం: ఒంగోలులో బస చేసి చూడవలసిన చోటు

ఆయుధం పట్టకుండా సాగించిన యుద్ధానికి ఒక గ్రామంలో నిలిచిన స్మారకాన్ని చూడదలచినవారు ప్రకాశం జిల్లాలో ముందుగా దేవరంపాడుకు వెళ్లాలని నా అభిప్రాయం. ఒంగోలుకు దగ్గరలో, సముద్రతీరానికి చేరువగా ఉన్న ఈ చిన్న ఊరు 1930లో ఉప్పు సత్యాగ్రహ శిబిరమైంది. అప్పటికి ఇది గుంటూరు జిల్లాలోని గ్రామం. ఒంగోలు తాలూకాను 1904లో నెల్లూరు నుంచి విడదీసి గుంటూరులో కలిపారు. జిల్లాకు ప్రకాశం పేరు వచ్చింది 1972లో.

1882 నాటి ఉప్పు చట్టం ప్రకారం ప్రభుత్వ అనుమతి లేకుండా ఉప్పు తయారుచేయడం నేరం. కళ్లెదుటే ఉప్పు కయ్యలు ఉన్న ఈ తీరంలో, కూలివాడు గంజిలో వేసుకునే ఉప్పుకు కూడా సర్కారుకు పన్ను చెల్లించవలసి రావడం ఎంత అవమానమో ఇక్కడ నిలబడితే సులభంగా అర్థమవుతుంది. 1930 ఏప్రిల్ 6న గాంధీజీ దండిలో చట్టాన్ని ధిక్కరించగా, కేంద్ర శాసనసభ సభ్యత్వాన్ని వదులుకున్న టంగుటూరి ప్రకాశం పంతులు దేవరంపాడు శిబిరాన్ని నడిపించారు. 1928 ఫిబ్రవరి 3న మద్రాసులో సైమన్ కమిషన్‌ను నిరసిస్తూ తుపాకుల ఎదుట రొమ్ము విరిచి నిలిచిన మనిషి ఆయన.

ఆ పోరాటానికి గుర్తుగా నిలిపిన విజయస్తూపాన్ని 1935లో బాబూ రాజేంద్రప్రసాద్ ఆవిష్కరించారు. స్వాతంత్ర్యం రావడానికి ఇంకా పన్నెండేళ్లు ఉండగానే, ఉప్పు చట్టం ఇంకా అమలులో ఉండగానే, దానికి ‘విజయం’ అని పేరు పెట్టుకోగలిగిన ఆ తరం నిబ్బరం నన్ను కదిలించింది. నిర్మాణం ఎత్తునో అలంకారాన్నో చూడడానికి వచ్చేవారికి ఇది చిన్నదిగా తోచవచ్చు. ఆ పేరును, ఆ సంవత్సరాన్ని కలిపి ఆలోచించేవారికి మాత్రం ఇంతకంటె గొప్ప స్మారకం మన తీరంలో అరుదు.

బసకు ఒంగోలే తగినది. విజయవాడ–చెన్నై ప్రధాన రైలుమార్గంలో ఉన్నందున రాకపోకలు సులభం. బస్టాండు పరిసరాల లాడ్జీలు అందుబాటు ధరల్లోనే ఉంటాయి గాని, రాత్రంతా వాహనాల మోత వినవలసిందే. పెద్దవారు, పిల్లలు వెంట ఉంటే కాస్త ఎక్కువ చెల్లించి రోడ్డుకు దూరంగా ఉన్న గది తీసుకోవడం మేలు. మేము దిగిన లాడ్జీలో గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్లు మాత్రం అడిగి తెప్పించుకోవలసి వచ్చింది. దేవరంపాడుకు బస్సు వేళలను నమ్ముకోవడం కంటె, తిరుగు ప్రయాణంతో సహా ఆటో మాట్లాడుకుని, అక్కడ ఆగే సమయాన్ని ముందే చెప్పడం ఉత్తమం. తాగునీరు, ఫలహారం వెంట తీసుకువెళ్లాలి. వివరించి చెప్పే గైడు కోసం ఎదురుచూడకుండా, అరుగుల మీద కూర్చున్న పెద్దలను గౌరవంగా పలకరిస్తే వారే ఆప్యాయంగా మాట్లాడుతారు.

అదే ప్రయాణంలో కొత్తపట్నం తీరాన్ని కూడా చూడవచ్చు. చాలామంది అలల కోసమే వెళ్తారు గాని, 1937లో ప్రభుత్వం నిషేధించిన వేసవి రాజకీయ పాఠశాల ఏర్పాటైనది ఈ ఊరిలోనే. రెంటిలో ఒకదానికే వీలుంటే నేను దేవరంపాడునే ఎంచుకుంటాను. రెండూ చూడగలిగినవారు ఎండ ముదరకముందే స్తూపాన్ని చూసి, సాయంత్రానికి తీరం చేరుకునేలా ఏర్పాటు చేసుకోవాలి. డిసెంబరు, జనవరి నెలలు ఇందుకు అనుకూలం.