హోర్నంగ్, బ్లాండా, గ్రోజా: ఆడుతూ తన్నినవాళ్లలో ఎవరు మేలు?

ఇప్పటి అమెరికన్ ఫుట్‌బాల్‌లో కిక్కర్ జట్టులో ఉంటాడు గానీ ఆటలో పెద్దగా ఉండడు. ఎదుటివాణ్ణి ఢీకొట్టే పని లేదు, చొక్కాకు మట్టి అంటదు. మ్యాచ్‌లో కొన్నిసార్లు వచ్చి బంతి తన్ని, తిరిగి వెళ్లి బెంచీ మీద కూర్చుంటాడు. జట్టులో 53 మందికి చోటున్న కాలం కాబట్టి ఈ వైభోగం సాగుతోంది. 1950ల్లో ఒక్కో జట్టుకు 33 మంది, అటూ ఇటూగా ఇంకో ఇద్దరు ముగ్గురు. అందులో ఒక చోటు కేవలం తన్నేవాడికి ఇవ్వడానికి ఏ కోచ్‌కూ మనసొప్పేది కాదు. మన క్రికెట్‌లో వికెట్ కీపర్‌కు బ్యాటింగ్ కూడా రావలసిందే అని ఎలా అనుకుంటామో, అక్కడ కిక్కర్‌కు ఇంకో అసలు పని ఉండి తీరాలనేవారు.

అలా రెండు పనులు చేసినవాళ్లలో ముగ్గురి పేర్లు ముందుగా వస్తాయి. గ్రీన్ బే ప్యాకర్స్ హాఫ్‌బ్యాక్ పాల్ హోర్నంగ్, బంతి పట్టుకుని పరిగెత్తేవాడు. క్వార్టర్‌బ్యాక్ జార్జ్ బ్లాండా, బంతి విసిరేవాడు. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ టాకిల్ లూ గ్రోజా, ముందువరసలో నిలబడి ఎదుటివాళ్లను అడ్డుకునేవాడు. ముగ్గురూ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నవారే. ముగ్గురిలో ఒక్కణ్ణే తీసుకోవాలంటే ఎవరిని తీసుకోవాలి?

పాయింట్ల లెక్క తెలియనివారికి ఒక్క మాట: బంతిని ఎదుటివాళ్ల గీత దాటిస్తే టచ్‌డౌన్, దానికి 6. దాని వెంటనే తన్నే ఎక్స్‌ట్రా పాయింట్‌కు 1. ఆట మధ్యలో బంతిని గోల్ స్తంభాల మధ్యనుంచి తన్నితే ఫీల్డ్ గోల్, దానికి 3. ఈ ముగ్గురూ ఇప్పటివాళ్లలా పాదం పక్కభాగంతో వంపుగా తన్నేవారు కాదు. బంతికి ఎదురుగా నేరుగా నడిచి వచ్చి, బూటు ముందుకొసతో పొడిచినట్టు తన్నేవారు. ఆ పద్ధతిలో ఫీల్డ్ గోల్స్ సగం పడినా ఫరవాలేదనుకునే రోజులవి. ఇప్పటి శాతాలు పెట్టి వాళ్లను కొలవడం అన్యాయం.

ఒకే ఒక్క సీజన్ చాలు అంటే చర్చే అక్కర్లేదు, హోర్నంగే. 1960లో 12 మ్యాచ్‌లలో 176 పాయింట్లు చేశాడు: 15 టచ్‌డౌన్‌లు, 15 ఫీల్డ్ గోల్స్, 41 ఎక్స్‌ట్రా పాయింట్లు. అది చాలదన్నట్టు రెండు టచ్‌డౌన్ పాస్‌లు కూడా విసిరాడు. నోటర్ డేమ్ విశ్వవిద్యాలయంలో క్వార్టర్‌బ్యాక్‌గా ఆడి 1956లో ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచినవాడు కదా, ఆ చెయ్యి ఎక్కడికి పోతుంది! ఆ 176 రికార్డు 2006లో లడేనియన్ టామ్లిన్‌సన్ వచ్చేవరకు, అంటే 46 ఏళ్లు నిలబడింది. టామ్లిన్‌సన్‌కు అప్పటికి 16 మ్యాచ్‌ల సీజన్ దొరికిందని మరువకూడదు. 1961లో సైన్యం నుంచి పిలుపు వచ్చి, సెలవు దొరికినప్పుడల్లా వచ్చి ఆడుతూనే ఫైనల్‌లో న్యూయార్క్ జెయింట్స్ మీద ఒక్కడే 19 పాయింట్లు చేశాడు. ప్యాకర్స్ 37-0తో గెలిచింది.

అయితే కాలితో పరిగెత్తేవాడి చేతే బంతి కూడా తన్నించడంలో ఒక చిక్కుంది. ఆటలో అందరికన్నా ఎక్కువ దెబ్బలు పడేది పరిగెత్తేవాడి కాళ్లకే. 1962లో హోర్నంగ్ మోకాలు దెబ్బతిన్నప్పుడు ప్యాకర్స్ ఒక్క దెబ్బతో ఇద్దరిని పోగొట్టుకుంది. 1963లో పందేలు కాసినందుకు సీజన్ మొత్తం నిషేధం పడింది. 1964లో తిరిగి వచ్చేసరికి కాలు పాతది కాదు: 38 ఫీల్డ్ గోల్స్ ప్రయత్నిస్తే పడింది 12. ఆ ఏడాది బాల్టిమోర్ కోల్ట్స్ చేతిలో 21-20తో, మిన్నెసోటా వైకింగ్స్ చేతిలో 24-23తో ఓడింది ప్యాకర్స్. ఒక్కో పాయింటు తేడా. అంతటి పరుగుల వీరుడు ఎక్స్‌ట్రా పాయింట్ దగ్గర తడబడుతుంటే చూసిన అభిమానుల కడుపు ఎంత మండి ఉంటుందో!

మరుసటి ఏడాది కోచ్ విన్స్ లొంబార్డీ తన్నడానికని డాన్ చాండ్లర్‌ను తెచ్చుకున్నాడు. నాకు ఇక్కడే అసలు సంగతి కనిపిస్తుంది. తన్నే బరువు దిగిన ఆ 1965 డిసెంబరులోనే హోర్నంగ్ బాల్టిమోర్‌లో, పొగమంచులో, అదే కోల్ట్స్ మీద ఒక్క మ్యాచ్‌లో అయిదు టచ్‌డౌన్‌లు చేశాడు. రెండు పనులు కలిసి ఆ మనిషిని పెద్దవాణ్ణి చేసిన మాట నిజమే. చివరికొచ్చేసరికి ఒకటి రెండోదాన్ని తినేసిన మాటా నిజమే.

బ్లాండాది దీనికి సరిగ్గా తలకిందులు. అతడి విషయంలో తన్నడమే విసరడాన్ని బతికించింది. 1949లో షికాగో బేర్స్‌లో చేరాడు. అక్కడ చాలాకాలం అతణ్ణి కిక్కర్‌గానే చూశారు, క్వార్టర్‌బ్యాక్‌గా నిలకడైన అవకాశం ఇవ్వలేదు. 1959లో ఆట మానేశాడు. 1960లో పాత లీగ్ ఎన్ఎఫ్ఎల్‌కు పోటీగా ఏఎఫ్ఎల్ అనే కొత్త లీగ్ మొదలవగానే హ్యూస్టన్ ఆయిలర్స్‌లో చేరి, మొదటి రెండేళ్లూ ఛాంపియన్‌షిప్ తెచ్చిపెట్టాడు. 1961 ఫైనల్ 10-3తో ముగిసింది. ఆయిలర్స్ చేసిన ఏకైక టచ్‌డౌన్ బ్లాండా విసిరిన పాస్, మిగతా నాలుగు పాయింట్లూ అతడి కాలివే. ఆ మ్యాచ్‌లోనే అయిదుసార్లు బంతిని ఎదుటి జట్టు చేతుల్లోకి విసిరాడు. ఆ లోపం ఆ లోపమే. 1962లో అలాంటి 42 ఇంటర్‌సెప్షన్‌లతో ఒక్క సీజన్‌కు అతడు పెట్టిన రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు, ఎవరూ దాన్ని కోరుకోరు కూడా.

1967లో ఓక్లాండ్ రైడర్స్‌కు వచ్చేసరికి నలభైకి చేరువలో ఉన్నాడు. ఆ వయసులో కేవలం క్వార్టర్‌బ్యాక్ అయితే ఎవరు పిలుస్తారు? కాలు ఉంది కాబట్టి జట్టులో చోటు ఉంది, చోటు ఉంది కాబట్టి అవసరానికి చెయ్యీ దొరికింది. 1970 అక్టోబరు చివర మొదలై నవంబరులో అదే జరిగింది. అసలు క్వార్టర్‌బ్యాక్ డారిల్ లామోనికా పిట్స్‌బర్గ్ మీద గాయపడితే, 43 ఏళ్ల బ్లాండా దిగి మూడు టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు, ఒక ఫీల్డ్ గోల్ తన్నాడు. వారం తర్వాత కాన్సాస్ సిటీ మీద చివరి సెకన్లలో 48 గజాల నుంచి తన్ని మ్యాచ్‌ను సమం చేశాడు. ఆ తర్వాత క్లీవ్‌లాండ్ బ్రౌన్స్: రైడర్స్ 20-13తో వెనకబడి ఉంది. రెండు నిమిషాలకన్నా తక్కువ సమయం ఉండగా టచ్‌డౌన్ పాస్‌తో సమం చేసి, మూడు సెకన్లు ఉండగా 52 గజాల నుంచి తన్ని గెలిపించాడు. విసిరిందీ అతడే, తన్నిందీ అతడే. డెన్వర్ మీద మళ్లీ పాస్, శాన్ డియేగో మీద మళ్లీ కాలు. వరుసగా అయిదు మ్యాచ్‌లు అతడివల్లే ఓడకుండా బయటపడింది రైడర్స్. 48 ఏళ్ల వయసులో మానేసేనాటికి 26 సీజన్లు, 340 మ్యాచ్‌లు, 2,002 పాయింట్లు.

కథగా చెప్పుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి! కానీ జట్టు కట్టేవాడు కథ చూసి చోటు ఇవ్వకూడదు. ఆ అయిదు వారాలను పక్కన పెడితే మనకు మిగిలేది పడుతూ లేస్తూ సాగిన క్వార్టర్‌బ్యాక్, సగానికి కాస్త పైగా గురి తగిలించిన కిక్కర్. కెరీర్ మొత్తంలో 236 టచ్‌డౌన్ పాస్‌లు, 277 ఇంటర్‌సెప్షన్‌లు.

గ్రోజా విషయంలో ఈ అయితేలు, కానీలు బాగా తగ్గుతాయి. ఒహాయోలోని మార్టిన్స్ ఫెర్రీ కుర్రాడు, రెండో ప్రపంచ యుద్ధంలో ఒకినావాలో వైద్య దళంలో పనిచేశాడు. 1946లో బ్రౌన్స్ వేరే లీగ్‌లో పుట్టినప్పుడే జట్టులో ఉన్నాడు. మొదట్లో ఎక్కువగా కాలికే పని. ఆ తర్వాత ఎడమ టాకిల్‌గా స్థిరపడ్డాడు. 6 అడుగుల 3 అంగుళాలు, 240 పౌండ్లు. తన్నేటప్పుడు బంతి పెట్టే చోటు నుంచి వెనక్కి ఆరడుగుల పొడవున నేల మీద టేపు పరుచుకునేవాడు, దారి తప్పకుండా. లీగ్ దాన్ని తర్వాత నిషేధించింది. టేపు లేకుండా కూడా ఆ కాలు తిన్నగానే పనిచేసింది.

1953లో 26 ప్రయత్నాల్లో 23 పడ్డాయి. సగమే ఘనమనుకునే కాలంలో 88 శాతం! 1950 ఫైనల్ సంగతి మరీ ముచ్చటైనది. క్రిస్మస్ ముందురోజు, గడ్డకట్టిన క్లీవ్‌లాండ్ మైదానం, లాస్ ఏంజెలెస్ రామ్స్ 28, బ్రౌన్స్ 27. మ్యాచ్ మొదట్లో బంతి సరిగ్గా అందక ఒక ఎక్స్‌ట్రా పాయింట్ చేజారింది, లేకుంటే ఈపాటికి సమంగానే ఉండేవారు. అరనిమిషం కూడా లేని సమయంలో గ్రోజా 16 గజాల నుంచి తన్నాడు. 30-28. ఎన్ఎఫ్ఎల్‌లో అడుగుపెట్టిన తొలి ఏడాదే బ్రౌన్స్ ఛాంపియన్. అంతకు వారం ముందు జెయింట్స్ మీద 8-3తో గెలిచిన మ్యాచ్‌లోనూ ఎనిమిదిలో ఆరు అతడివే. ఇవన్నీ మ్యాచ్ పొడవునా ముందువరసలో కుమ్ములాడుతూ చేసినవి.

అతడి 1,608 పాయింట్లలో టచ్‌డౌన్ ఒక్కటే ఉంది. హోర్నంగ్ పక్కన పెడితే ఇది వెలవెలబోతుందని కొందరంటారు. టాకిల్ పని పాయింట్లు చేయడం కాదు, చేసేవాళ్లకు దారి తీయడం. లీగ్‌లో మేటి ఆటగాళ్లను ఏరి ఆడించే ప్రో బౌల్ మ్యాచ్‌కు తొమ్మిదిసార్లు పిలుపు అందుకున్న మనిషి కాలితో మరో 1,602 చేశాడంటే లెక్క వేరుగా కనిపించదా? హోర్నంగ్ కాలికి పట్టిన గతి ఇతడి కాలికి పట్టలేదు. అలసట ఉండేదే, కానీ పరుగెత్తుతుంటే పక్కనుంచి వచ్చి మోకాలి మీద పడే దెబ్బలు టాకిల్‌కు తక్కువ.

ప్యాకర్స్ చరిత్రే ఇందుకు సాక్ష్యం. 1962లో హోర్నంగ్ పక్కకు తప్పుకున్నప్పుడు తన్నే పని అందుకున్నది గార్డ్ జెర్రీ క్రేమర్, అదీ ముందువరస మనిషే. యాంకీ స్టేడియంలో భయంకరమైన గాలి మధ్య జరిగిన ఆ ఏడాది ఫైనల్‌లో ప్యాకర్స్ చేసిన 16 పాయింట్లలో 10 క్రేమర్ కాలివి.

గ్రోజా మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. వెన్నునొప్పితో 1960 సీజన్‌కు దూరమై, 1961లో తిరిగి వచ్చాక 1967 వరకు తన్నడానికే పరిమితమయ్యాడు. అంటే 21 సీజన్లలో ఆఖరి ఏడింటిని రెండు పనుల ఖాతాలో వేయడం కుదరదు. అయినా 1964 ఫైనల్‌లో విరామం వరకు 0-0గా ఉన్న మ్యాచ్‌ను తెరిచింది 40 ఏళ్ల గ్రోజా తన్నిన 43 గజాల ఫీల్డ్ గోలే. ఆ రోజు బ్రౌన్స్ 27-0తో గెలిచింది. బ్లాండాకు కూడా ఆఖరి ఏళ్లలో విసిరే పని నామమాత్రమే కాబట్టి ఈ లోపాన్ని ఇద్దరి మీదా సమానంగానే వేయాలి.

బోస్టన్ పేట్రియట్స్‌కు రిసీవర్‌గా ఆడుతూ, తన్నుతూ 1,130 పాయింట్లు చేసిన జీనో కాపెల్లెట్టిని ఎందుకు వదిలేశావని అడిగేవారుంటారు. న్యాయమైన ప్రశ్నే, నాలుగో చోటు అతడిదే. పాసింగ్, పంటింగ్ (బంతిని ఎదుటి జట్టుకు వదిలేస్తూ దూరంగా తన్నడం), ఎదుటివాళ్ల పాస్‌లను పట్టేయడం, మూడింట్లోనూ 1943లో లీగ్‌లో మొదట నిలిచిన సామీ బా అయితే ఈ తూకంలోకే రాడు. గోల్ కోసం తన్నడం వేరు, పంటింగ్ వేరు.

కాబట్టి ఒక్క సీజన్‌కు హోర్నంగ్, నవంబరు నెల గట్టెక్కడానికి బ్లాండా. పదేళ్ల జట్టు కట్టమంటే మాత్రం నేను ముందు పిలిచేది గ్రోజానే.