లోఫోటెన్ దీవుల్లో తొమ్మిది రోజులు, 249 గ్రాముల డ్రోన్‌తో

నార్వే ఉత్తరాన లోఫోటెన్ దీవుల్లోని స్వోల్వార్ అనే ఊళ్ళో దిగిన మొదటి సాయంత్రం డ్రోన్‌ని బ్యాగులోంచి తీయనే లేదు. గది ముందు రేవు, వెనక రెండు కొమ్ముల్లా మొనలు లేచిన మేక కొండ. గాలి కూడా లేదు. "ఇంత మంచి వెలుతురు మళ్ళీ దొరుకుతుందో లేదో, ఒక్క ఐదు నిమిషాలు ఎగరేయండి" అంది మా ఆవిడ. నార్వే వాళ్ళ డ్రోన్ మ్యాప్ తెరిచి చూపించాను. ఊరి ఎయిర్‌పోర్టు చుట్టూ ఐదు కిలోమీటర్ల వలయం ఉంది, మేమున్న హోటల్ ఆ వలయం లోపలే ఉంది. అనుమతి లేకుండా అక్కడ ఎగరేయకూడదు. రేవు గట్టున కూర్చుని ఫోన్‌తోనే ఫోటోలు తీసుకున్నాం.

ఇది మొదటే చెప్పడానికి కారణం ఉంది. 250 గ్రాముల లోపు డ్రోన్ కొంటే ఏ దేశంలోనూ రూల్స్ ఉండవన్న నమ్మకం మనవాళ్ళలో చాలామందికి ఉంది. మ్యూనిక్‌కి వచ్చిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. ఐరోపాలో ఆ బరువు వల్ల పరీక్ష రాసే పని తప్పుతుంది, అంతే. కెమెరా ఉంటే బరువుతో సంబంధం లేకుండా ఆపరేటర్‌గా రిజిస్టర్ కావాల్సిందే. 120 మీటర్ల ఎత్తు హద్దు, డ్రోన్ కంటికి కనబడే దూరంలోనే ఉండాలన్న షరతు, జనం గుమిగూడిన చోట పైన ఎగరకూడదన్న నియమం అన్నీ వర్తిస్తాయి. జపాన్‌లోనైతే 2022 జూన్ నుంచి 100 గ్రాములు దాటిన ప్రతి డ్రోన్‌నీ రిజిస్టర్ చేయాలి. అక్కడ మన 249 గ్రాములకి ఏ మినహాయింపూ లేదు.

నేను జర్మనీలో రిజిస్టర్ అయ్యాను. 20 యూరోల ఫీజు. వచ్చిన నంబరుని చిన్న స్టిక్కర్ మీద రాసి డ్రోన్‌కి అంటించాను. నంబరు చివర్లో వచ్చే మూడు అక్షరాలు రహస్యం, వాటిని స్టిక్కర్ మీద రాయకూడదు. నార్వే ఈయూలో లేకపోయినా ఈ విషయంలో అదే చట్టాన్ని పాటిస్తుంది కాబట్టి మళ్ళీ అక్కడ రిజిస్టర్ కానక్కర్లేదు. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వచ్చేవాళ్ళు ఐరోపాలో మొదట ఎగరేసే దేశంలో రిజిస్టర్ అయితే చాలు. మొదటి మజిలీ నార్వే అయితే నార్వేలోనే. బ్రిటన్ లెక్క మాత్రం వేరు. జర్మనీలో చిన్న డ్రోన్‌కైనా బీమా తప్పనిసరి కాబట్టి నాకు అది ముందే ఉంది. ఆ పత్రాన్ని ఇంగ్లీషులో అడిగి తీసుకుని ఫోన్‌లో పెట్టుకున్నాను.

మ్యూనిక్ నుంచి ఓస్లో మీదుగా ఏవెనెస్‌కి విమానం, అక్కడి నుంచి అద్దె కారు. మూడు బ్యాటరీలనీ చేతి సామానులోనే పెట్టాను. ఒక్కోటి 19 వాట్-అవర్ లోపే, విమానాల్లో మామూలు హద్దు 100. సెక్యూరిటీ దగ్గర ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

స్వోల్వార్ నుంచి అరగంట దూరంలో హెన్నింగ్స్‌వార్ ఉంది. చుట్టూ బండరాళ్ళు, సముద్రం, మధ్యలో పచ్చటి ఫుట్‌బాల్ మైదానం. లోఫోటెన్ డ్రోన్ వీడియోల్లో అందరూ చూపించేది ఇదే. మేం వెళ్ళేసరికి పిల్లలు ప్రాక్టీస్ చేస్తున్నారు. మామూలుగా నడిచిపోయే మనుషుల మీదుగా ఇంత చిన్న డ్రోన్ వెళ్ళినా చట్టం ఒప్పుకుంటుంది. కానీ పక్కవాళ్ళ పిల్లల్ని అడక్కుండా పైనుంచి వీడియో తీయడం నాకు నచ్చదు, మన ఊళ్ళో ఎవరైనా అలా తీస్తే ఊరుకుంటామా? కాఫీ తాగి, ఊరంతా తిరిగి, రాత్రి పదిన్నరకి మళ్ళీ వచ్చాం. జూన్‌లో అక్కడ సూర్యుడు అస్తమించడు. ఖాళీ మైదానం మీద ఏటవాలు బంగారు వెలుతురు, ఎనిమిది నిమిషాల ఫుటేజ్. సాయంత్రం ఐదింటికి తీసి ఉంటే ఇంత బాగా వచ్చేది కాదు.

బసల సంగతి. హమ్నోయ్‌లో నీళ్ళ మీద గుంజలపై నిలబెట్టిన ఎర్ర చెక్క గదుల్లో మూడు రాత్రులున్నాం. వీటిని రోర్బు అంటారు, ఒకప్పుడు చలికాలపు కాడ్ చేపల వేటకి వచ్చిన జాలర్లు ఉండేవారు. రాత్రికి 200 యూరోలు పైమాటే అయినా వంటగది బాగుంది, పప్పు, అన్నం వండుకున్నాం. ఊళ్ళో శాకాహారం దొరకడం కష్టం కాబట్టి వంటగది లేని గది తీసుకోవద్దనే నా సలహా. తర్వాత లెక్నెస్ దగ్గర తీసుకున్న చవక క్యాబిన్‌లో వంటగది ఉందని రాసి ఒక్క కెటిల్, రెండు ప్లేట్లు పెట్టారు. అడిగితే సగం డబ్బు తిరిగి ఇచ్చారు, అది మెచ్చుకోవాలి. పైగా అది కూడా లెక్నెస్ ఎయిర్‌పోర్టు వలయంలోనే ఉంది. డ్రోన్ తీసుకెళ్ళేవాళ్ళు గది బుక్ చేసే ముందే మ్యాప్ చూసుకోవాలని అప్పుడు బాగా తెలిసింది.

రైనెబ్రింగెన్ ఎక్కడం ఈ యాత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన రోజు. 448 మీటర్ల కొండ, నేపాల్ షెర్పాలు పేర్చిన దాదాపు 2,000 రాతి మెట్లు. అలిపిరి మెట్లు 3,550 ఎక్కినవాళ్ళు కూడా దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు, ఇక్కడ ఏటవాలు చాలా ఎక్కువ. పైన డ్రోన్‌తో జాగ్రత్తగా ఉండాల్సిన విషయం ఒకటుంది. కంట్రోలర్ చూపించే ఎత్తు మనం టేకాఫ్ చేసిన చోటు నుంచి లెక్క. అంచు దాటి ఫియోర్డ్ (కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ) మీదకి పంపితే స్క్రీన్ మీద 10 మీటర్లు అనే ఉంటుంది, కింద మాత్రం 400 మీటర్ల పైన శూన్యం. 120 మీటర్ల హద్దుని కొలవాల్సింది డ్రోన్‌కి దగ్గరగా ఉన్న నేల నుంచి. అంటే కొండ వాలుని అంటిపెట్టుకునే ఎగరాలి. అక్కడ ఇద్దరు కుర్రాళ్ళు రైనె ఊరి మీదకి నేరుగా పంపించడం చూశాను, వాళ్ళకి స్క్రీన్ మీద అంకె తప్ప ఇంకేం తెలిసినట్టు లేదు. నేను వాలు వెంబడే తిప్పి ఆరు నిమిషాల్లో దింపేశాను. కిందున్న ఊళ్ళు, వంతెనలు అలా కూడా చక్కగా కనిపించాయి.

ర్యూటెన్ కొండ, దాని కింద క్వాల్‌వికా బీచ్ లోఫోటోడెన్ నేషనల్ పార్కులోకి వస్తాయి. 2018లో ఏర్పడిన పార్కు, డ్రోన్లకి అనుమతి లేదు. ఆ రోజు డ్రోన్‌ని గదిలోనే వదిలి వెళ్ళాం. బ్యాటరీ ఎంతుంది, గాలి ఎంతుంది అన్న టెన్షన్ లేకుండా బీచ్‌లో మూడు గంటలు కూర్చున్నాం. E10 అనే హైవే చివరి ఊరు పేరు ఒక్క అక్షరం, ఓ. అక్కడ చెక్క ఇళ్ళ గోడలకే కిట్టీవేక్ పక్షులు గూళ్ళు కట్టుకున్నాయి, గుడ్ల మీద కూర్చుని ఉన్నాయి. నార్వేలో అవి అంతరించే ప్రమాదంలో ఉన్న పక్షులు. ఏ బోర్డూ కనిపించలేదు, అయినా ఆ గూళ్ళ దగ్గర డ్రోన్ తీయాలనిపించలేదు.

మధ్యలో రెండు రోజులు గాలికే పోయాయి. మా డ్రోన్ తట్టుకోగలిగేది సెకనుకి 10.7 మీటర్లు. నార్వే వాతావరణ యాప్ గంటగంటకీ గాలిదుమారాల వేగం విడిగా చూపిస్తుంది, అది దాదాపు ప్రతిసారీ సరిగ్గానే ఉంది.

మనదేశానికి తీసుకెళ్ళే సంగతి చాలామంది అడుగుతుంటారు. 2022 ఫిబ్రవరి నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతి మీద నిషేధం ఉంది, కస్టమ్స్ వాళ్ళు ఆపేస్తారు. ఇండియాలో ఉన్న డ్రోన్‌నే బయటికి తెస్తుంటే, వెళ్ళేటప్పుడే ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ దగ్గర చూపించి, తిరిగి తెచ్చుకోవడానికి సర్టిఫికెట్ రాయించుకోండి. గుంటూరులో మా తమ్ముడు అడిగినా నేను తీసుకెళ్ళలేదు, సెలవులకి వెళ్ళినప్పుడల్లా ఇక్కడ స్నేహితుడి ఇంట్లో పెట్టి వెళ్తాను.

చివరి రాత్రి ఉట్టక్‌లైవ్ బీచ్‌కి వెళ్ళాం. అది లెక్నెస్ వలయానికి బయట ఉంది. పదకొండు దాటాక సూర్యుడు సముద్రానికి కొంచెం పైన ఆగినట్టు ఉన్నాడు, గట్టు మీద గొర్రెలు మేస్తున్నాయి. వాటికి దూరంగా లేపాను. నాలుగో నిమిషంలో కొండ వెనక నుంచి హెలికాప్టర్ చప్పుడు వినిపించింది. షాట్ ఆపేసి వెంటనే కిందకి దింపాను. అది ఎర్ర రెస్క్యూ హెలికాప్టర్, తీరం వెంబడి తక్కువ ఎత్తులో వెళ్ళిపోయింది. చప్పుడు పూర్తిగా ఆగేదాకా పది నిమిషాలు కూర్చుని మళ్ళీ ఎగరేశాం. ఆ రెండోసారి కంట్రోలర్ మా ఆవిడ చేతికిచ్చాను. ఈసారి వెళ్తే స్వోల్వార్‌లో ఒక్క రాత్రే ఉండి, మిగిలినవి ఈ ఒడ్డునే గడపాలని కారెక్కేటప్పుడు ఇద్దరం అనుకున్నాం.