క్యాబ్ డిస్పాచ్ సాఫ్ట్‌వేర్: వైజాగ్‌లో మూడేళ్లకు పైగా వాడాక

మా దగ్గర సొంత బండ్లు, అటాచ్ బండ్లు (బయటి ఓనర్లవి, మా డ్యూటీలకు తిరిగేవి) కలిపి ముప్పై లోపే. హోటల్ గెస్టులకు, ఎయిర్‌పోర్ట్, స్టేషన్ పికప్‌లకు, పరవాడ, అచ్యుతాపురం వైపు కంపెనీ డ్యూటీలకు, సీజన్‌లో అరకు ట్రిప్పులకు తిప్పుతాం. ఒకప్పుడు ఇదంతా రెండు ఫోన్లు, ఒక లాంగ్ నోట్‌బుక్, ఒక వాట్సాప్ గ్రూపుతో నడిచేది. ఇప్పుడు నెలవారీ అద్దె మీద, బండ్లకు డ్యూటీలు పంచే డిస్పాచ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం. దాని పేరు రాయడం లేదు. నేను డెమోలు చూసినంతలో ఈ ధరలో దొరికేవన్నీ ఒకే అచ్చు: ఆఫీసులో మ్యాప్ ఉన్న స్క్రీన్, డ్రైవర్ ఫోన్‌లో యాప్, కస్టమర్‌కు ఒక లింకు. తేడా అంతా సెట్టింగుల్లో ఉంటుంది. సేల్స్ వాళ్లు వాటి జోలికి పోరు.

ఏ బండిని పంపాలో అదే చూసుకుంటుందని కొంటే నిరాశ పడతారు. ఎవరు ఎక్కడున్నారో తెలియడానికి, డ్యూటీ లెక్కలకు, బిల్లులకు అయితే పెట్టిన డబ్బుకు తగ్గ వస్తువే.

సాఫ్ట్‌వేర్ పెట్టిన కొత్తలో 'దగ్గర్లో ఉన్న బండికి డ్యూటీ' అన్న పద్ధతి ఆన్‌లో ఉంటుంది. ఆ దగ్గరను అది రోడ్డు చూడకుండా మ్యాప్ మీద తిన్నగా గీత గీసి కొలుస్తుంది. వైజాగ్‌లో ఈ లెక్క పనికిరాదు. ఒక పక్క సముద్రం, ఊరి మధ్యలో కొండలు, ఇంకో పక్క పోర్టు. ఫిషింగ్ హార్బర్ దగ్గర కస్టమర్ ఉంటే, సింధియాలో నిలబడ్డ బండి స్క్రీన్ మీద పక్కనే ఉన్నట్టు కనిపిస్తుంది. మధ్యలో హార్బర్ నీళ్లున్నాయి. ఆ బండి పోర్టును చుట్టుకుని కాన్వెంట్ జంక్షన్ మీదుగా రావాలి. ఈలోగా జగదాంబలో ఖాళీగా ఉన్నవాడు పది నిమిషాల్లో వెళ్లిపోయేవాడు. సింహాచలం కొండకు అటూ ఇటూ ఉన్న బండ్లదీ ఇదే గొడవ.

దీనికి రోడ్డు టైం చూసి పంపే ఆప్షన్ ఉంది, కానీ వెతికి పట్టుకోవాలి. అది కూడా అన్ని బండ్లకూ రోడ్డు టైం చూడదు. ముందు గీత దూరంతో కొన్నింటిని ఏరి, వాటికి మాత్రమే మ్యాప్ సర్వీసును అడుగుతుంది. మాది మూడు బండ్లు ఏరేలా ఉండేది. దాన్ని ఎనిమిది చేసుకున్నాం. అలా అడిగిన ప్రతిసారీ మ్యాప్ కంపెనీకి డబ్బు కట్టాలి కాబట్టి మొదట్లో మా ప్లాన్‌లో నెలకు ఒక పరిమితి ఉండేది, నెలాఖరుకి మళ్లీ గీత లెక్కలోకే జారిపోయేది. 2024 ఆగస్టు నుంచి గూగుల్ మన దేశంలో డెవలపర్లకు మ్యాప్ ధరలు 70 శాతం దాకా తగ్గించింది. ఆ తర్వాతి రెన్యువల్‌లో గట్టిగా బేరమాడితే పరిమితి ఎత్తేశారు. మీరు పాత ప్లాన్‌లోనే ఉంటే ఈ మాట అడగండి.

దానికి తోడు మేం చేతితో జోన్లు గీసుకున్నాం. గాజువాక, సింధియా ఒకటి. వన్‌టౌన్, జగదాంబ ఒకటి. మధురవాడ, రుషికొండ ఇంకొకటి. జోన్ దాటి బండి రావాలంటే డెస్క్‌లో ఉన్న మనిషి ఓకే కొట్టాలి. ఆటోమేటిక్ అన్న మాటకు ఇది విరుద్ధమే, కానీ 'బండి ఏదండీ' అన్న ఫోన్లు తగ్గింది దీనివల్లే. స్టేషన్‌కు కూడా ఒకటో నంబర్ ప్లాట్‌ఫాం వైపు, జ్ఞానాపురం వైపు అని రెండు పికప్ పాయింట్లు పెట్టాం. కస్టమర్ ఒక పక్క దిగి బండి రెండో పక్క ఉంటే ఇక ఆ ఉదయానికి టెన్షనే.

డ్రైవర్లకు మాత్రం దూరం కంటే వంతు ముఖ్యం. ఆటో డిస్పాచ్ పూర్తిగా వదిలేస్తే సిరిపురం హోటళ్ల దగ్గర పాగా వేసిన నలుగురికే మంచి ట్రిప్పులు పోతాయి. పరవాడ డ్రాప్ పడ్డవాడు అక్కణ్నుంచి ఖాళీగా వస్తాడు, వచ్చేసరికి వరస వెనక్కి పోతుంది. 'ఏటండీ, మళ్లీ నాకే పరవాడా' అని అడిగితే సాఫ్ట్‌వేర్ పంపింది అని చెప్పడం జవాబు కాదు. డీజిల్ అతనిదే, ఈఎంఐ అతనిదే. అందుకే జోన్‌లో క్యూ పద్ధతి పెట్టాం: కస్టమర్‌కు పావుగంటలోపు చేరగలిగే బండ్లలో ఎవరు ఎక్కువసేపు ఖాళీగా ఉంటే డ్యూటీ వాళ్లది. ఖాళీ కిలోమీటర్లు కొంచెం పెరిగాయి, యాప్ ఆఫ్ చేసి ఇంట్లో కూర్చునే అటాచ్ బండ్లు తగ్గాయి. నేను దీన్ని లాభమనే అంటాను. ఉన్న డ్యూటీ అయిపోకముందే దాని డ్రాప్ దగ్గర్లోని తర్వాతి డ్యూటీని కట్టిపెట్టే సౌకర్యం కూడా ఉంది. షిఫ్ట్ మారే వేళల్లో అచ్యుతాపురం వైపు బాగా పనికొస్తుంది.

పన్నెండు గంటలు దాటిన డ్రైవర్‌కు డ్యూటీలు ఆపేసే ఆప్షన్ మాకు నచ్చింది. ఓలా, ఉబర్ లాంటి యాప్ కంపెనీల కోసం కేంద్రం 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఈ పరిమితి పెట్టింది. మాకు నేరుగా వర్తించకపోయినా ఆన్ చేసే ఉంచాం. రద్దీ వేళ రేటు పెంచే బటన్ ఎప్పుడూ ముట్టుకోలేదు. ఆ కంపెనీలకు 2020లో ఒకటిన్నర రెట్లు, 2025 జులైలో రెండు రెట్ల దాకా కేంద్రం వెసులుబాటు ఇచ్చింది కానీ, ఏడాది రేటు రాసుకున్న హోటల్‌తో ఆ మాట ఎత్తగలమా?

అన్నిటికంటే విసిగించింది డ్రైవర్ యాప్. స్క్రీన్ ఆఫ్ అయిన కాసేపటికి కొన్ని ఫోన్లు బ్యాటరీ ఆదా పేరుతో యాప్‌ను పడుకోబెడతాయి. డెస్క్ మీద బండి ఇంకా ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గరే ఉన్నట్టు ఉంటుంది, మనిషేమో గోపాలపట్నంలో టీ తాగుతుంటాడు. ప్రతి ఫోన్‌లో ఆ యాప్‌కు బ్యాటరీ ఆంక్షలు మనమే తీసేయాలి. ఫోన్ అప్‌డేట్ అయితే మళ్లీ చూసుకోవాలి. 2019 జనవరి నుంచి రిజిస్టర్ అయిన ట్యాక్సీలకు ఏఐఎస్ 140 ప్రమాణం ప్రకారం జీపీఎస్ ట్రాకర్, ఎమర్జెన్సీ బటన్ ఉండాలని కేంద్రం నిబంధన. అంటే బండిలో జీపీఎస్ ముందే ఉంది. ఆ డేటా తీసుకోమంటే మా వెండర్ దానికి వేరే ఛార్జీ అన్నాడు.

అరకు ట్రిప్పుల్లో ఇంకో లోపం బయటపడింది. అనంతగిరి ఘాట్‌లో సిగ్నల్ పోతుంది, కొన్ని ఫోన్లు ఆ మధ్యలో జీపీఎస్ పాయింట్లేవీ దాచుకోవు. సిగ్నల్ వచ్చాక సాఫ్ట్‌వేర్ రెండు చివర్లనూ గీతతో కలిపేస్తుంది. మలుపులన్నీ లెక్కలోంచి పోయి కిలోమీటర్లు తక్కువ చూపిస్తుంది, బిల్లూ తగ్గుతుంది. ఊరు దాటిన ట్రిప్పులకు మొదట, చివర మీటర్ రీడింగ్ ఫోటో తప్పనిసరి చేశాం.

బిల్లింగ్‌కు మాత్రం మంచి మార్కులే. 8 గంటలు 80 కిలోమీటర్ల ప్యాకేజీ, గ్యారేజ్ నుంచి గ్యారేజ్ లెక్క (బండి షెడ్డు వదిలి తిరిగొచ్చేదాకా), డ్రైవర్‌కిచ్చే నైట్ బేటా, పార్కింగ్, టోల్ అన్నీ డ్యూటీ క్లోజ్ చేయగానే పడిపోతాయి. డ్యూటీ స్లిప్ పోయిందన్న మాట వినపడి చాలా కాలమైంది. ఒకటో తారీఖు రాత్రులు ఇప్పుడు ఇంట్లోనే నిద్రపోతున్నాం.

ఎస్ఎంఎస్ ఖర్చు వేరుగా పడుతుంది. మెసేజ్ నమూనాను డీఎల్‌టీలో, అంటే కంపెనీల ఎస్ఎంఎస్‌ల కోసం టెలికాం సంస్థలు నడిపే పోర్టల్‌లో, రిజిస్టర్ చేయాలి. రిజిస్టర్ చేసినదానికీ పంపినదానికీ మాట తేడా వస్తే మెసేజ్ వెళ్లదు, ఓటీపీ రాక బండి కదలదు. రాత్రి సపోర్ట్ పేరుకే ఉంది. తెల్లవారుజామున ఫ్లైట్ పికప్‌లు ఉన్నవాళ్లు రేపటి డ్యూటీల లిస్టు ముందురోజు రాత్రే ప్రింట్ తీసి పెట్టుకోండి. పది బండ్లలోపు ఉంటే ఇదేదీ వద్దు, ఫోన్ చాలు.

విమానాలన్నీ భోగాపురం కొత్త ఎయిర్‌పోర్ట్‌కు మారితే మా జోన్లన్నీ మళ్లీ గీయాలి. నలభై కిలోమీటర్ల పైన డ్రాప్ చేసినవాడిని ఖాళీగా రప్పించాలా, అక్కడే క్యూలో ఉంచాలా అన్నది తేల్చుకోవాలి. రిటర్న్ ట్రిప్పులు జతచేసే మాడ్యూల్ ఉందని, దానికి బండికి ఇంతని అదనంగా అవుతుందని వెండర్ అప్పుడే ఫోన్ చేశాడు. ఒక నెల ఊరికే ఇచ్చి చూపించమన్నాను.