పాత పికప్ బ్రేకులు: ఎవరూ తొంగిచూడని ఆ కడ్డీ

పాత పికప్‌కు బ్రేకులు సరిగా పడటం లేదంటే ఎవరైనా ప్యాడ్లు, లైనర్లు మార్చమనే చెబుతారు. అవన్నీ మార్పించిన తరువాత కూడా నా బండిని నిజంగా బాగుచేసింది ఛాసిస్ కింద కడ్డీతో ఉండే లోడ్ సెన్సింగ్ వాల్వు, అంటే లోడును బట్టి వెనుక బ్రేకులకు వెళ్లే ఒత్తిడిని సర్దే వాల్వు.

సెకండ్ హ్యాండ్‌లో కొన్న కొత్తలో నల్లబడిన బ్రేక్ ఆయిల్ తీయించి డాట్ 4 రకం కొత్త ఆయిల్ పోయించాను, ఉబ్బిన రబ్బరు హోస్ పైపులు మార్పించాను. పెడల్ వెంటనే గట్టిపడింది. తెలిసినవాళ్లందరికీ అదే చేయించుకోమని చెప్పాను కూడా.

తరువాత బత్తాయి లోడుతో దోమలపెంట దాటి శ్రీశైలం డ్యాం వైపు ఘాటు దిగుతున్నప్పుడు, రెండో గేరులోనే ఉన్నా, మలుపు మలుపుకూ పెడల్‌ను ఇంకా గట్టిగా తొక్కవలసి వచ్చింది. పెడల్ కిందికి జారలేదు. బండి మాత్రం ఆగనంటోంది. వెడల్పు చోట ఆపి చూస్తే ముందు చక్రాల దగ్గర మాడు వాసన, చెయ్యి దగ్గరికి పెట్టలేనంత వేడి. వెనుక డ్రమ్ములు గోరువెచ్చగా ఉన్నాయి. బరువంతా వెనుక ఉంటే ఆపే పని దాదాపు ముందు చక్రాలే చేస్తున్నాయి.

కారణం దేవరకొండలో మెకానిక్ చూపించాడు. ముందటి యజమాని ఎక్కువ లోడు కోసం వెనుక కమాన్ కట్టలో (బరువు మోసే స్ప్రింగు పట్టీల కట్టలో) అదనపు పట్టీ వేయించాడు. వాల్వు ఛాసిస్‌కు ఉంటుంది, దాని కడ్డీ వెనుక ఇరుసుకు తగిలి ఉంటుంది; లోడుకు ఛాసిస్ దిగినప్పుడే అది వెనుక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి వెళ్లనిస్తుంది. పట్టీ వల్ల బండి వెనుక భాగం అంతగా దిగదు గనుక, లోడు వేసినా వాల్వు లెక్కలో బండి దాదాపు ఖాళీదే. పట్టీ తీసి, తుప్పుపట్టిన కీలు వదులుచేసి, కంపెనీ కొలతకు కడ్డీ సర్దాక అదే ఘాటులో అదే లోడుతో పెడల్ మీద కాలు ఆనిస్తే చాలు, వేగం అదుపులోకి వస్తోంది. ఇంత చిన్న పనికి ఇంత తేడా ఉంటుందని నేను అనుకోలేదు.

హోస్ పైపుల గురించి అప్పట్లో చెప్పినంత ఇప్పుడు చెప్పలేను. పెడల్ గట్టిపడటం వేరు, బండి ఆగటం వేరు. అలాగని వెనుక బ్రేకు ఇంకా పెంచుదామని కడ్డీని కొలత దాటించి సర్దితే, వానలో ఖాళీ బండి వెనుక చక్రాలు బిగుసుకుని జారతాయి. నేను కంపెనీ చెప్పిన బరువు దాటను కాబట్టి పట్టీ తీయించడం నాకు నష్టం కాలేదు. ఇసుకో సిమెంటో మోసేవారు పట్టీ తీయలేకపోవచ్చు. వారు కనీసం ఆ కడ్డీ కొలతనైనా తెలిసినవారితో చూపించుకోవాలి.